రికార్డు పెట్టకుండానే పలికిన స్పీకర్లు

నేను వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఉన్నది పదకొండు వందల అరవై రూపాయలు. ఎలమంచిలిలో ఒక రేడియో రిపేరు కొట్టులో మూడేళ్ళు పనిచేసి కూడబెట్టిన డబ్బు. దాంతో విశాఖపట్నం వచ్చాను. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక మేడమెట్ల కింద చోటు అద్దెకు తీసుకుని, ఓడల మీద వచ్చేవాళ్ళ దగ్గర టేప్‌రికార్డర్లు, స్పీకర్లు కొని అమ్మేవాణ్ణి. రెండేళ్ళు తిరిగేసరికి అది ఇరవై మూడు వేలయింది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. నాకంటే తెలివైనవాడు మార్కెట్లో లేడనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నక్కలదిబ్బ మీద ఆఖరింటి సంగతి నా చెవిన పడింది.

ఫిషింగ్ హార్బర్‌కి పైన ఉంటుంది నక్కలదిబ్బ. పగలు చూస్తే ఏమీ లేదు — పది పన్నెండు ఇళ్ళు, రాతి మెట్లు, కింద ఐసు ఫ్యాక్టరీ పొగ. కానీ ఆ ఏడాది, అంటే ఎనభై అయిదు వానాకాలం నుంచి, చీకటి పడ్డాక అటు ఎవరూ నడవడం లేదు. ఆఖరిల్లు దాటాలంటే చేపల తట్టలవాళ్ళు కూడా చుట్టూ తిరిగి పోతున్నారు.

నాకు చెప్పింది రిక్షా ఎల్లాజీ.

ఒక రాత్రి పదింటప్పుడు, ఒక ఇంట్లో ఆంప్లిఫయర్ బిగించి వస్తున్నాం. సన్నగా వాన.

"దిబ్బ మీంచి పోదాం ఎల్లాజీ. పావుగంట కలిసొస్తుంది," అన్నాను.

రిక్షా ఆగింది.

"నాను రాను బాబూ."

"రెండు రూపాయలు ఎక్కువిస్తాను."

"పదియ్యి. అయినా రాను."

"పదిస్తే మరెందుకు రావు?"

"పదీ కరుసెట్టడానికి నా పేనం మిగలాలి గదా," అన్నాడు. నవ్వలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఆకరింట్లో మాటాడతాది."

"ఏది మాట్లాడుతుంది?"

"గొంతు. మగోడి గొంతు. రేతిరి రెండు గంటలేళకి... మాటేటో తెల్దు. నీల్లలో మునిగినోడు మాటాడితే ఎలగుంటాది? అలగ. మా వొదిన పోతమ్మ సెవులారా ఇన్నాది. సేపల ఏలానికని ఆ యేళకే ఆ దారంట ఎల్లింది. తట్ట అక్కడే ఒగ్గీసి పరిగెత్తుకొచ్చీసింది."

"రేడియో అయ్యుంటుంది."

"రెండు గంటలకి ఏ రేడియో బాబూ? పాటా కాదు, వార్తలూ కావు. ఒక మాటంటాడు... ఆగుతాడు. ఇంకో మాటంటాడు... ఆగుతాడు. ఎవులో జవాబు సెప్తారని సూత్తన్నట్టు."

వాన చినుకులు రిక్షా టాపు మీద పడుతున్నాయి.

"ఆ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?"

"ఒకాయనుండేవోడు. గోదారోళ్ళు. ఫిబ్రవరిలో సముద్రంలో పోనాడు. శవం కూడా దొరకనేదు." ఎల్లాజీ పెడల్ మీద కాలు పెట్టి, వేరే దారికి తిప్పాడు. "శ్రీరామ్మూర్తిగారని... బోటింజను డ్రైవరు."

మిగతా దారంతా నేను ఆ దిబ్బ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంటే ఆ ఇంట్లో స్పీకర్లు బిగించింది నేనే.

*

శ్రీరామ్మూర్తిగారు నా కొట్టుకి మొదటిసారి వచ్చింది ఎనభై నాలుగు జనవరిలో. నరసాపురం వైపు మనిషి. ఒక ప్రైవేటు కంపెనీ చేపల ట్రాలర్ మీద ఇంజను డ్రైవరు. నెలలో ఇరవై రోజులు సముద్రం మీదే. ఆయన చెవి సంగతి హార్బర్లో కథలుగా చెప్పుకునేవారు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి తన చెవికి ఆనించుకుని, ఏ బేరింగు ఎన్నాళ్ళలో పోతుందో చెప్పేసేవాడట.

అప్పుడు నా దగ్గర ఒక గ్రీకు ఓడ ఇంజనీరు అమ్మిన జత ఒకటుంది. నాలుగు వేల ఎనిమిది వందలకి కొన్నాను. ధర ఏడు వేల రెండు వందలు చెప్పాను.

"ఏవిటోయ్ దొరబాబూ, ఇంకో రెండు వేలేస్తే స్కూటరొస్తుంది," అన్నాడాయన. "ఇందులో ఏవుందని?"

అప్పటికి నేను అబద్ధాలు ఎక్కువ నేర్చుకోలేదు. "నిజం చెప్పాలంటే మూర్తిగారూ, నేను సొంతంగా చేసిన పెట్టెలు ఆరొందల యాభై. నూటికి తొంభై వంతులు ఇదే పాట."

"అంటే మిగతా పది వంతులకీ ఆరు వేల అయిదొందల యాభయ్యా!"

"వంతుకి ఆరొందల యాభై అయిదు."

ఆయన పెద్దగా నవ్వాడు. "లెక్క బాగా వచ్చునే నీకు! సరే, ఆ పది వంతులు ఉన్నాయో లేవో తేల్చుకుందాం."

తెర కట్టమన్నాడు. వెనకాల ఆ జతా, నా జతా పెట్టి, ఇష్టం వచ్చినట్టు మార్చమన్నాడు. పదిసార్లు మార్చాను. పదిసార్లూ ఏది ఏదో చెప్పాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టి ఆయన మార్చాడు. నేను నాలుగుసార్లు సరిగ్గా చెప్పాను. అది కళ్ళు మూసుకుని రూపాయి బిళ్ళ ఎగరేసినా వచ్చే లెక్కే.

"వినిపించలేదా?" అన్నాడు, జాలిగా.

"మీకేం వినిపించింది?"

"పాట ఆగిన చోట చూడు. నీ పెట్టెలో పాట ఆగినా పెట్టె గుయ్యిమంటూనే ఉంది. దీంట్లో... ఆగింది. నిజంగా ఆగింది." ఆయన స్పీకరు మీద చెయ్యి వేశాడు. "ఇరవై రోజులు ఇంజను మోత అబ్బాయ్. ఇంటికొచ్చి పడుకున్నా అదే మోత. మా ఆవిడ మాట్లాడినా ఆ మోతలోంచే వినాలి. నేను కొనేది పాట కాదు. ఆ ఆగడం."

ఖరీదైన స్పీకర్లు ఆ ధర చేస్తాయా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఆయనకి చేస్తాయి. నాకు చెయ్యవు. ఈ జవాబుతో ఎవరూ తృప్తి పడరు. కానీ అంతకంటే నిజమైనది నాకు దొరకలేదు.

మూడు వేలు ముందు, తర్వాత నెలకి మూడు వందల యాభై చొప్పున పన్నెండు నెలలు. ఒప్పందం కుదిరింది. అక్కడితో ఆగి ఉంటే నేను మంచివాణ్ణే.

ఆంప్లిఫయర్ వెనక గదిలో, స్పీకర్లు సముద్రం వైపు ముందు గదిలో. మధ్య ముప్పై అయిదు గజాల వైరు కావాలి.

"ఇంత మంచి స్పీకర్లకి మామూలు వైరు వేస్తే దండగ. ఫారిన్ వైరుంది. గజం పన్నెండు," అన్నాను.

"ఎంతవుతుంది?"

"నాలుగొందల ఇరవై. తొందరేం లేదు, వాయిదాలన్నీ అయ్యాక ఆఖర్న ఇవ్వండి."

నేను వేసింది గజం రూపాయి పావలా వైరు. నలభై మూడు రూపాయల డెబ్భై అయిదు పైసలు. పైన నల్లటి గొట్టం తొడిగాను. స్పీకర్లలో ఆరు వేల తేడాయే నా చెవికి వినపడనప్పుడు, వైరులో తేడా ఎవరికి వినపడుతుంది? అదీ నా ధీమా.

ఇంకో తప్పు కూడా చేశాను. విశాఖలో ఈ పని చేసేవాళ్ళం వైరుకి జాయింటు వేస్తే సోల్డరింగు చేసి, దాని మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోస్తాం. లేకపోతే ఉప్పుగాలికి రాగి ఆరు నెలల్లో పచ్చగా చిలుము పట్టిపోతుంది. ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, మొదటి రోజే నేర్చుకుంటాం. నా దగ్గరున్నవి ముక్కలు. నాలుగు జాయింట్లు పడ్డాయి. సాయంత్రం అయిదింటికి ఇంకో పార్టీ ఇంటికి వెళ్ళాలి. నాలుగూ చేత్తో మెలేసి, టేపు చుట్టి, గొట్టంలోకి తోసేశాను.

రెండు నెలల తర్వాత వాయిదా కట్టడానికి వచ్చి శ్రీరామ్మూర్తిగారు ఒక మాటన్నాడు.

"అబ్బాయ్, నీ కొట్లో విన్నట్టు లేదోయ్. కుడిపక్క ఏదో సన్నగా... గరగర."

నేను రసీదు మీంచి తల ఎత్తలేదు. "గది తేడా అయ్యుంటుందండి."

"గది కాదు." ఆయన చిటికెన వేలు చెవిలో పెట్టి తిప్పుకున్నాడు. "నా చెవే పోతోందేమో. మా నాన్నకీ ఈ వయసులోనే పోయింది. చెవి పోతే ఇంజను డ్రైవరు ఎందుకు పనికొస్తాడు చెప్పు?"

అప్పుడు చెప్పాల్సింది. "మీ చెవి బంగారం, నా వైరే తగరం" అని ఒక్క మాట అంటే సరిపోయేది.

"డాక్టరుకి చూపించుకోండి," అన్నాను.

మళ్ళీ ఏడాది ఫిబ్రవరిలో, కళింగపట్నం దాటాక, ఒక రాత్రి డెక్కు మీద నుంచి ఆయన పడిపోయాడు. ఎవరూ చూడలేదు. బోటు వచ్చింది. ఆయన రాలేదు.

నేను వెళ్ళి పలకరించలేదు. ఇంకా కొంచెం రావలసిన డబ్బుంది, అడగడానికి వచ్చాననుకుంటారు — అని నాకు నేను చెప్పుకున్నాను.

*

ఎల్లాజీ చెప్పిన మర్నాడు రాత్రి, ఒంటి గంటన్నరకి, టార్చి, స్క్రూడ్రైవరు పట్టుకుని నేను ఒక్కణ్ణే మెట్లెక్కాను.

ఎందుకు వెళ్ళానంటే చెప్పడం కష్టం. దెయ్యం ఉందని నమ్మి కాదు. లేదని నమ్మీ కాదు. నిద్ర పట్టక.

వాన వెలిసింది. మెట్ల మీద పాకుడు. కింద హార్బర్లో ఐసు మిషను కొట్టుకుంటోంది... దడ్, దడ్, దడ్. పైకి వెళ్ళేకొద్దీ ఆ చప్పుడు తగ్గింది. తగ్గింది... ఆఖరింటి దగ్గరికొచ్చేసరికి అసలు వినపడలేదు.

ఏ ఇంట్లోనూ దీపం లేదు. కుక్కలు కూడా లేవు.

ఆఖరింటి కిటికీ సగం తెరిచి ఉంది. లోపల చీకటి. చీకట్లో, వెనక గదిలో — ఎర్రటి చుక్క ఒకటి. కదలకుండా.

నా కాళ్ళు ఆగిపోయాయి.

ఆంప్లిఫయర్ లైటు. నాకు తెలుసు, అది ఆంప్లిఫయర్ లైటే. అయినా... ఆయన పోయి ఏడు నెలలు. ఎవరు వేశారు?

తలుపు దానంతటదే తెరుచుకుంది.

"నువ్వా దొరబాబూ," అంది ఒక గొంతు, మెల్లగా. "లోపలికి రా. ఇంకా పది నిమిషాలుంది."

టార్చి నా చేతిలోంచి జారిపోయింది.

గుమ్మంలో గౌరీశ్వరిగారు నిలబడి ఉన్నారు. శ్రీరామ్మూర్తిగారి భార్య. తెల్లచీర కాదు — మామూలు నీలం చీర, నుదుట బొట్టు, చేతులకి గాజులు. వంగి టార్చి తీసి నా చేతికిచ్చారు.

"మెట్ల మీద టార్చి చూసి ఎవరో అనుకున్నాను. ఈ వేళప్పుడు ఇటు ఎవరూ రావట్లేదు కదా," అన్నారు. "కూర్చో. మాట్లాడకు. మాట్లాడితే వినపడదు."

"ఆంప్లిఫయర్..."

"ఆయన ఎప్పుడూ కట్టెయ్యనిచ్చేవారు కాదు. వేడిగా ఉంటేనే నిజం పలుకుతుందనేవారు. నేనూ కట్టెయ్యలేదు." ఆవిడ స్పీకర్ల వైపు చూపించారు. "అందుకే దొరికారు."

రికార్డు ప్లేయరు మీద గుడ్డ కప్పి ఉంది. ఏ రికార్డూ లేదు.

బల్ల మీద ఒక కాగితం, పేపర్‌వెయిటు కింద. నేను చూస్తున్నానని గమనించారు.

"కంపెనీది. ఆయన పోయారని నేను సంతకం పెడితే నలభై అయిదు వేలిస్తారట. శనివారం ఆఖరు. ఆ తర్వాత ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోరట." నవ్వారు. "మా అన్నయ్య రోజూ ఉత్తరం రాస్తున్నాడు, పెట్టు పెట్టు అని. ఎలా పెడతాను? రోజూ మాట్లాడే మనిషి పోయాడని ఎలా రాయను?"

అద్దె మూడు నెలలుగా కట్టలేదని కూడా చెప్పారు, వాతావరణం గురించి చెప్పినట్టు. ఆ రోజు గురువారం.

అప్పుడు వచ్చింది.

ముందు గదిలో, కుడి పక్క స్పీకర్లోంచి — మొదట గరగర. తర్వాత ఊపిరి లాంటిది. తర్వాత గొంతు.

మగ గొంతు.

మాట తెలియదు. నీళ్ళలోంచి వచ్చినట్టు, ముద్దగా, వంకరగా... కానీ మనిషి. ఏదో అడుగుతున్నాడు. ఆగాడు. గదంతా నిశ్శబ్దం. శ్రీరామ్మూర్తిగారు ఏడు వేలు పెట్టి కొనుక్కున్న నిశ్శబ్దం అది — ఒక్క గుయ్యిమనే చప్పుడు లేకుండా, నూతిలా. ఆ నిశ్శబ్దంలోంచి మళ్ళీ అడిగాడు.

నేను కుర్చీ అంచుకి జరిగాను.

గౌరీశ్వరిగారు లేచి, గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళారు. పెన్సిలుతో ఒక గీత గీశారు. గొంతు మళ్ళీ వచ్చింది. ఇంకో గీత.

"రోజూ లెక్క పెడతాను," అన్నారు గుసగుసగా. "నన్ను ఎన్నిసార్లు పిలిచారో."

నేను క్యాలెండర్ వైపు చూశాను. భయంతో చూశాను, కానీ అంకెలు కనపడితే నా కళ్ళు వేరే పని చెయ్యవు. ప్రతి తేదీ కిందా గీతలు. పదకొండు. పదకొండు. పదకొండు. తొమ్మిది. పదకొండు. నాలుగు. తర్వాత రెండు రోజులు... ఏమీ లేదు. ఖాళీ. మళ్ళీ ఆరు. పదకొండు.

"ఈ రెండు రోజులూ పిలవలేదా?"

"లేదు. ఆ రెండు రోజులూ నేను అన్నం తినలేదు."

ఆ రెండు రోజులు నాకు గుర్తున్నాయి. వాయుగుండం. హార్బర్లో మూడో నెంబరు జెండా ఎగరేశారు. సముద్రంలో ఉన్న బోట్లన్నీ వచ్చేశాయి. దానికి ముందు రోజే సగానికి పైగా వచ్చేశాయి. తర్వాత ఒకటొకటిగా మళ్ళీ వెళ్ళాయి.

పదకొండు. ఆ కంపెనీ ట్రాలర్లు ఎన్ని?

కిటికీ దగ్గరికి వెళ్ళాను. దిబ్బ కింద, మాకు సరిగ్గా ఎదురుగా, పొడుగాటి ఇనుప స్తంభం. దాని కొస మీద ఎర్ర దీపం. నేను స్పీకర్లు బిగించినప్పుడు అది లేదు.

"ఆ స్తంభం ఎప్పుడు వేశారండీ?"

"జూన్‌లో. వైర్‌లెస్సుట. కంపెనీ వాళ్ళది. ఎందుకు?"

మీకు ఈ గొంతు ఎప్పుడు మొదలయిందని అడగలేదు. అడగక్కర్లేదు.

గోడవార వంగి, నల్ల గొట్టం చివర నొక్కి లాగాను. టేపు ఊడి వచ్చింది. టార్చి వేశాను. జాయింటు పచ్చగా, పిండిలా... వేళ్ళకి అంటుకుంది.

పూర్వం గాలెనా అనే ఖనిజపు రాయి మీద సూది ఆనించి రేడియో వినేవాళ్ళు, కరెంటు కూడా లేకుండా. రాగి మీద చిలుము అలాంటి పనే చేస్తుంది, గాలిలో పోయే వైర్‌లెస్ మాటని పట్టి గొంతుగా మారుస్తుంది. ముప్పై అయిదు గజాల ఏరియల్, మధ్యలో పచ్చబడ్డ జాయింట్లు, ఎప్పుడూ వెలిగే ఆంప్లిఫయర్, ఎదురుగా అంత పెద్ద స్తంభం. దెయ్యం లేదు. గొంతు ఉంది. దాన్ని పిలిచి తెచ్చింది నా రూపాయి పావలా వైరు.

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వొచ్చింది, ఊపిరి తిరిగొచ్చిన మనిషిలా. వెంటనే ఆవిడ ముఖం చూశాను.

కుడి పక్క స్పీకర్లో గొంతు మళ్ళీ అడిగింది. ఆవిడ ఆరో గీత గీశారు.

జాయింటు తీసి శుభ్రం చేసి పెట్టేస్తే చాలు. రెండు నిమిషాల పని. ఆవిడకి ఏమీ చెప్పక్కర్లేదు. రేపటి నుంచి గొంతు రాదు. రెండు రోజులు అన్నం తినరు, మూడో రోజు తింటారేమో. కానీ శనివారం ఎల్లుండే.

"అక్కా," అన్నాను. "ఆయన కాదండి."

చెప్పాను. స్తంభం, బోట్లు, లెక్క, జాయింటు. క్యాలెండర్ మీద వేలు పెట్టి మరీ చెప్పాను. ఆవిడ పెన్సిలు పట్టుకుని వింటూ నిలబడ్డారు. కోప్పడలేదు, ఏడవలేదు.

"ఫారిన్ వైరు కదా," అన్నారు చివరికి. "ఆయన ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నారో. అది కూడా పాడవుతుందా?"

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఉప్పుగాలండి. ఫారిన్‌దైనా ఆగదు," అన్నాను.

ఆవిడ తలూపారు. పెన్సిలు బల్ల మీద పెట్టారు. "అయితే ఆ మాట్లాడేవాణ్ణి చూపించు. ఇప్పుడే. ఆపకముందే."

*

మెట్లు దాదాపు పరిగెత్తి దిగాం. వైర్‌లెస్ గది రేకుల షెడ్డు. కిటికీకి తలుపు లేదు. లోపల నాకు తెలిసిన మనిషే, కొండలరావు, చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని, బనీనుతో కూర్చుని ఉన్నాడు. ముందు టీ గ్లాసు.

"పదో నెంబరు... పదో నెంబరు... ఇనబడతందా? ఇనబడితే సెప్పు," అంటున్నాడు. ఆగాడు. ఏదో విని, పుస్తకంలో టిక్కు పెట్టాడు. తలెత్తి మమ్మల్ని చూసి అదిరిపడ్డాడు.

"ఓరి నీ... ఏటి బావా, ఈ యేళప్పుడు! దెయ్యమనుకున్నాను గదరా!"

గౌరీశ్వరిగారు కిటికీ ఊచలు పట్టుకుని అతని నోటికేసే చూస్తున్నారు.

"పిలు బాబూ," అన్నారు. "ఇంకొకటుంది కదా. పిలు."

కొండలరావు నా వైపు చూశాడు. నేను తలూపాను.

"పదకొండో నెంబరు... పదకొండో నెంబరు..."

ఆగాడు. ఆ ఆగిన తీరు, ఆ ఎదురుచూడ్డం — అదే. ఆవిడ పెదాలు కూడా దానితో పాటు కదిలాయి. నాలుగు నెలల నుంచి బట్టీ పట్టిన పాఠంలా.

టిక్కు పెట్టాక ఆవిడ అడిగారు: "ఏడో నెంబరుని పిలిచావా బాబూ?"

ఏడో నెంబరు శ్రీరామ్మూర్తిగారి బోటు. కొండలరావుకి అప్పుడు ఆవిడ ఎవరో తెలిసింది. హెడ్‌ఫోను తీసి, లేచి నిలబడ్డాడు.

"పిలిసినానమ్మా. బాగానే ఉన్నారు అందరూ. బరంపురం అవతల ఉన్నారు. సేపలు బాగా పడతన్నాయట."

"బాగానే ఉన్నారా," అన్నారు గౌరీశ్వరిగారు. "సరే."

అంతే. వెనక్కి తిరిగి నడిచారు.

పైకి మెట్లెక్కుతున్నాం. నేను టార్చి పట్టుకుని ముందు, ఆవిడ వెనక. నాకు గుండెల మీంచి బరువు దిగినట్టే ఉంది, అబద్ధం ఎందుకు చెబుతాను? పని అయిపోయింది. రేపు వచ్చి మంచి వైరు, నిజంగా మంచిది, నా డబ్బుతో వేసి, మైనం పోసి వెళ్ళిపోతాను. ఆవిడకి ఎప్పటికీ తెలియక్కర్లేదు. లోపల్లోపల ఖర్చు కూడా లెక్క కట్టేస్తున్నాను.

"రేపు సంతకం పెడతాను," అన్నారు వెనక నుంచి. "ఎల్లుండి దాకా ఎందుకు?"

"మంచిదండి."

"గాజులు మాత్రం ఇంకో నెల పోయాక తీస్తాను."

నేను టార్చి ఆవిడ మెట్టు మీదికి తిప్పాను.

నాలుగు మెట్లు ఎక్కాక మళ్ళీ అన్నారు. "ఒక్క సంగతికి మాత్రం నా మీద నాకే కోపం దొరబాబూ. ఆ ట్రిప్పు ఆయనది కాదు. ఇంకో డ్రైవరుకి జ్వరమొస్తే తనే వెళ్తానన్నారు. వచ్చి మూడు రోజులే అయింది, ఒళ్ళు పులిసిపోయి ఉన్నారు. వద్దండీ అన్నాను. గట్టిగా అనలేకపోయాను."

"ఎందుకు వెళ్ళారు మరి?" అన్నాను. ఊరికే, మాటకి మాటగా.

"నీ కోసమే. నీ వాయిదాలన్నీ అయిపోయాయి, ఆ ఫారిన్ వైరు డబ్బు ఒక్కటే మిగిలింది కదా. ట్రిప్పుకి నాలుగొందల యాభై బత్తా. 'కుర్రాడు, కొత్తగా కొట్టు పెట్టుకున్నాడు, ఏడాది ఆగాడు పాపం. వాడి నాలుగొందల ఇరవై వాడి మొహాన కొట్టేస్తే ఇంక ఈ స్పీకర్లు మనవే గౌరీ' అన్నారు. నవ్వుతూ వెళ్ళారు."

నా కాలు పై మెట్టు మీద పడలేదు.

నాలుగొందల ఇరవైలోంచి నలభై మూడు డెబ్భై అయిదు తీసేస్తే మూడొందల డెబ్భై ఆరు రూపాయల పావలా. ఆ తీసివేత నా తలలో దానంతటదే జరిగిపోయింది. ఆపుదామన్నా ఆగలేదు.

నేను ఆగిపోవడం చూసి ఆవిడ కూడా ఆగారు. కింద సముద్రం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆయాసమొచ్చిందా? ఈ మెట్లు అలవాటు లేకపోతే అంతే," అన్నారు. పమిటచెంగుతో తడి మెట్టు తుడిచి, ఒక పక్కన కూర్చుని, నాకు చోటిచ్చారు. "కూర్చో. తొందరేముంది?"

నేను కూర్చోలేదు. టార్చి ఆర్పేసి, ఆవిడ ఎదురుగా ఒక మెట్టు కిందకి దిగి, ఆ వైరు సంగతి చెప్పడానికి గొంతు సవరించుకున్నాను.